వేసుకోవడమా, వేసుకుని ఉండటమా?

ఇంగ్లీషులో ‘వేర్’ చాలా చోట్ల పనికొచ్చే క్రియ. చొక్కా, బూట్లు, టోపీ, కళ్లజోడు, ఉంగరం, అత్తరు, ఆఖరికి ముఖం మీది చిరునవ్వు, అన్నిటికీ అదే మాట. చైనీయుల నిఘంటువులో మాత్రం దాని ఎదుట రెండు క్రియలు కనిపిస్తాయి. ఒంటి మీది బట్టలకూ కాళ్ల చెప్పులకూ ‘చ్వాన్’. టోపీకి, కళ్లజోడుకి, గడియారానికి, ఉంగరానికి ‘దై’. చ్వాన్ అంటే దూరడం అని కూడా అర్థం. సూదిలో దారం ఎక్కించడానికీ అదే మాట. చేతులూ కాళ్లూ బట్టలోకి దూరుతాయి కదా! ఎంత చక్కని ఊహ! అత్తరు దగ్గర ఈ రెండూ పనికిరావు, వాళ్లకది చల్లుకునేది.

అసలు చిక్కు మరోచోట ఉంది. చలిగా ఉంది, కోటు వేసుకో అనడానికి ఇంగ్లీషులో ‘పుట్ ఆన్’. కోటు ఒంటిమీద ఉన్నంతసేపూ ‘వేర్’. చైనీసులో రెంటికీ చ్వానే. వెనక ‘షాంగ్’ చేరితే వేసుకునే పని, ‘జ’ చేరితే వేసుకుని ఉండటం. అందుకే ఇంగ్లీషు కొత్తగా నేర్చుకునే చైనీయులు తొందరలో ‘వేర్ యువర్ కోట్’ అనేస్తారు. మన వేసుకో, వేసుకుని ఉన్నాడు కూడా ఆ తీరే.

చీర కట్టుకుని, గాజులు తొడుక్కుని, పూలు పెట్టుకుని, శాలువా కప్పుకునే మనకు వాళ్ల ఇబ్బంది ఇట్టే అర్థమవుతుంది. ఇంగ్లీషు చెప్పే ఉపాధ్యాయులకు నాదొక మనవి: మాటకు మాట జతచేసిన పట్టికతో సరిపెట్టకండి. తరగతికి ఒక కోటు తీసుకెళ్లి, తొడుక్కుంటూ ఒక క్రియ, తొడుక్కున్నాక ఇంకో క్రియ పలికించండి.