యుద్ధమూ, మా యింటి మనుషులూ

యుద్ధం అనగానే మనకు సైనికుడు గుర్తుకు వస్తాడు. మన కావ్యాలు అలవాటు చేసిన బొమ్మ అది. పల్నాటి వీరుల కథ దగ్గరనుంచి నిన్నటి దినపత్రికదాకా యుద్ధమంటే ఆయుధం పట్టినవాడి సంగతి. కాని నాకు దగ్గరగా తెలిసినవాళ్ళలో యుద్ధాన్ని చూసిన యిద్దరూ తుపాకి ముట్టినవాళ్ళు కారు. వొకరు బియ్యం మిల్లు కూలీ కూతురు, మా నాయనమ్మ. రెండవవాడు కువైటులో వొక అరబ్బు యింట కారు నడిపిన మా చిన మేనమామ. వీళ్ళను యుద్ధం వెతుక్కుంటూ రాలేదు. కూలి వెతుక్కుంటూ వీళ్ళే యుద్ధం వచ్చే దారిలోకి పోయారు. వీళ్ళ సంగతి చెప్పడానికే యీ వ్యాసం. దానితోపాటు వీళ్ళ విషయంలో నేను చేసిన వొక తప్పు కూడా చెప్పుకోవలసివుంది.

మాది భీమునిపట్నం దగ్గర పల్లె. పూర్వం ఆ తీరపు రేవులనుంచి రంగూనుకు వోడలు నడిచేవి. చేతిలో చిల్లిగవ్వ లేనివాడికి మేస్త్రీ బయానా యిచ్చి వోడ యెక్కించేవాడు. ఆ అప్పు తీరేదాకా కూలివాడు మేస్త్రీ మనిషే. 1931 జనాభా లెక్కల ప్రకారం బర్మాలో భారతీయులు పది లక్షల పైచిలుకు. రంగూను నగరంలో సగానికి మించి మనవాళ్ళే. రేవులో బస్తాలు మోసినవాళ్ళలో తెలుగువాళ్ళు యెక్కువ. కోరంగి రేవు పేరు మీద వాళ్ళను అక్కడ ‘కోరంగీలు’ అనేవారు. ఆ పిలుపులో గౌరవం లేదు. 1930 మే నెలలో వాళ్ళు సమ్మె చేస్తే యజమానులు బర్మా కూలీలను తెచ్చి పనిలో పెట్టారు. సమ్మె తీరగానే ఆ బర్మావాళ్ళను వెళ్ళగొట్టారు. ఫలితం, కూలివాడు కూలివాడి మీద పడ్డాడు. తెలుగు కూలీల నెత్తురు రంగూను వీధుల్లో పారింది. యజమానులకు మాత్రం వొక్క గాయమూ కాలేదు. ఈ మాట యిక్కడ యెందుకంటే, తరువాత వచ్చిన యుద్ధంలో మా యింటికి జరిగినదీ యిలాంటిదే.

1941 డిసెంబరు 23న రంగూను మీద జపాను బాంబులు పడ్డాయి. మరుసటి మార్చిలో నగరం జపాను సైన్యం చేతికి చిక్కింది. డబ్బున్నవాళ్ళు వోడల్లో పోయారు, అధికారులు మోటార్లలో పోయారు. మిగిలినవాళ్ళు నడిచారు. బర్మా వదిలిన భారతీయులు నాలుగైదు లక్షలు వుంటారని చరిత్రకారుల అంచనా. దారిలో రాలిపోయినవాళ్ళు వేలకు వేలు. కూలీల చావులను పేరుపేరునా రాసిపెట్టినవాడు లేడు.

అప్పటికి మా నాయనమ్మకు తొమ్మిదేళ్ళు. తల్లీ తండ్రీ ఆవిడా ప్రోము దగ్గర ఐరావతి దాటి, అరకాను కొండలమీదుగా టాంగప్ కనుమ దారిన సముద్రతీరానికి నడిచారు. సుమారు నూరు మైళ్ళ దారి. అది యెండాకాలపు మొదలు, కొండల్లో నీళ్ళు లేవు. వున్నచోట కలరా వుంది.

ఇక నా తప్పు సంగతి. 2012లో నేను కొత్తగా లెక్చరరు ఉద్యోగంలో చేరాను. వొక యుద్ధవ్యతిరేక సభలో మాట్లాడమన్నారు. మా నాయనమ్మ కథ చెప్పాను. సభ నిశ్శబ్దంగా విన్నది, చివర చాలాసేపు చప్పట్లు కొట్టింది. ఆ ఉపన్యాసాన్ని తరువాత సభ ప్రత్యేక సంచికలో అచ్చువేశారు. సంచిక పట్టుకుని పల్లెకు వెళ్ళి, అరుగు మీద కూర్చోబెట్టి ఆవిడకు చదివి వినిపించాను. అందులో వొక ఘట్టం వుంది: శరణార్థుల దారిలో తెల్లవాళ్ళకు వేరే బాట, నల్లవాళ్ళకు వేరే బాట పెట్టారని. ఆ మాట అబద్ధం కాదు. మణిపురం వైపు దారిలో అలా జరిగింది. శరణార్థులపట్ల చూపిన ఆ జాతివివక్షను 1942లోనే అలహాబాదులో అఖిలభారత కాంగ్రెసు సంఘం తీర్మానం చేసి ఖండించింది. నేను దాన్ని పుస్తకంలో చదివాను, తెచ్చి మా నాయనమ్మ నడకలో అతికించాను.

ఆవిడ అంతా విన్నది. విని యిలా అన్నది:

“బాగానే రాసినావు బాబూ. కాని ఆ తెల్లోల దారి మేం సూడనేదు. మేం వొచ్చిన దార్ల తెల్లోలే నేరు. మరి ముసిల్ది ఏదీ? ముసిల్దాన్ని ఏటి సేసినావు?”

నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే ముసలామె సంగతి నాకు తెలుసు. నేను హైస్కూల్లో చదువుకునే రోజుల్లోనే ఆవిడ చెప్పింది. కావాలనే వదిలేశాను.

ఆమె మిల్లు కూలీల బారకుల్లో అన్నం వండిపెట్టి పొట్టపోసుకునే మనిషి. నా అన్నవాళ్ళు లేక మావాళ్ళతో కలిసి బయలుదేరింది. కనుమ దారిలో వాంతులు, భేదులు పట్టుకున్నాయి. వొక పూట మోశారు. తరువాత చెట్టు కింద దించారు. ఆమె దగ్గర వొక యిత్తడి చెంబూ, దానిలో నీళ్ళూ వున్నాయి.

“అది సచ్చిపోనేదు బాబూ, మేం లెగిసినప్పటికి. సూస్తంది. మా అయ్య సెంబు తీసినాడు. మా అమ్మ వొద్దననేదు. ఆ నీలు నానూ తాగినాను. ఒడ్డుకొచ్చినాక ఆ సెంబమ్మీసి మా అయ్య బియ్యం కొన్నాడు. ఆ కూడూ తిన్నాను. అది సెప్పకపోతే మరేటి సెప్పినట్టు?”

అది యెందుకు వదిలేశానని నన్ను నేను ప్రశ్నించుకోవడానికి చాలాకాలం పట్టింది. పీడితుడు మచ్చలేనివాడుగా వుండాలని నాకు వొక అలవాటు వుంది. అభ్యుదయ రచనలో మనలో చాలామందికి వుంది. మన కథల్లో బీదవాడు చివరి మెతుకు కూడా పంచి యిస్తాడు. అలా యిచ్చినవాళ్ళు వున్నారు, నేను కాదనను. 1942 యేప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు పడి పట్నం జనం మూటలు నెత్తినపెట్టుకుని పల్లెలకు పరుగెత్తినప్పుడు, ఆ చెంబు తీసిన మా ముత్తాతే వచ్చినవాళ్ళకు తన పాకలో చోటిచ్చి తాను ఆరుబయట పడుకున్నాడట. ఇద్దరూ వొకే మనిషి. రెండవ సంగతి నేను ఉపన్యాసంలో చెప్పాను. మొదటిది దాచాను.

దాచి నేను కాపాడింది మా ముత్తాత పరువును కాదు. యుద్ధాన్ని కాపాడాను! బాంబు మనిషిని చంపుతుందని యెవరైనా వొప్పుకుంటారు, యుద్ధాన్ని సమర్థించేవాడు కూడా వొప్పుకుంటాడు. కాని వోడలో చోటు డబ్బున్నవాడికి అమ్మి, కూలివాణ్ణి కొండదారికి తోలి, అక్కడ వొక బీదవాడి బతుకును మరొక బీదముసలిదాని నీళ్ళ మీద ఆధారపడేట్టు చేసింది కూడా యుద్ధమే కదా? ఆ నేరాన్ని ఆరోపణపత్రంలోనుంచి నేనే కొట్టివేశాను. మా నాయనమ్మ దాన్ని తిరిగి చేర్చమన్నది.

ఆ తరువాత స్త్రీపర్వం పాఠం చెప్పేటప్పుడు నా దృష్టి మారింది. తిక్కన భారతంలో ఆ పర్వాన్ని మనం సాధారణంగా కరుణరసానికి వుదాహరణగా చెప్పి ముగిస్తాం. గాంధారి యేడ్చింది, కృష్ణుణ్ణి శపించింది అంటాం. కాని అంతకుముందు ఆమె భీముణ్ణి నిలబెట్టి దుశ్శాసనుడి నెత్తురు సంగతి అడుగుతుంది. ఆ నెత్తురు తన పెదవులు దాటి లోపలికి పోలేదని భీముడు సమాధానం చెప్పుకుంటాడు. అంతటి విజేత సంజాయిషీ యిచ్చుకోవలసి వచ్చింది! మా నాయనమ్మను యెవరూ నిలబెట్టి అడగలేదు. పెదవులు దాటలేదని ఆవిడ అననూ లేదు. తాగినానని తనంతట తానే చెప్పింది.

ఈ పాఠం నేర్చుకున్నాకనే మా చిన మేనమామను సరిగా అడగగలిగాను. వాళ్ళది కోనసీమ. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైటులో ప్రవేశించింది. ఆయన యజమాని కుటుంబం రాత్రికి రాత్రి సరిహద్దు దాటిపోయింది. ఆయన పాస్‌పోర్టు యజమాని బీరువాలోనే వుండిపోయింది. బాగ్దాదు మీదుగా జోర్డాను సరిహద్దు యెడారికి చేరి, డేరాల్లో పడివుండి, అమ్మాను నుంచి విమానంలో బొంబాయి వచ్చాడు. ఆ రెండు నెలల్లో లక్షా డెబ్భై వేల పైచిలుకు మనవాళ్ళను విమానాల్లో తీసుకువచ్చారు. వొక సినిమా కూడా వచ్చింది. మామయ్య ఆ కథను పెళ్ళిళ్ళలో నవ్విస్తూ చెబుతాడు, రొట్టె కోసం వరసలో నిలబడి ముందుకు జరిగిన ఉపాయాలన్నీ.

వొకసారి, “మిమ్మల్ని వాళ్ళేం చేశారో చాలాసార్లు చెప్పారు మామయ్యా. మీరేం చేయవలసి వచ్చింది?” అని అడిగాను.

చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నాడు: “ఆ యింట్లోనే వంటపని చేసే సిలోను ఆవిడ వుండేదిరా అల్లుడూ. డేరాల దాకా నాతోనే వచ్చింది. వాళ్ళ దేశం విమానం యెప్పుడొస్తుందో తెలీదు. నీ పెళ్ళాన్నని చెప్పవయ్యా అని బతిమాలింది. అలా చెబితే నన్ను కూడా వరసలోంచి లాగేస్తారేమోనని భయం. యీవిడెవరో నాకు తెలీదని చెప్పాను.”

కొన్నేళ్ళకు ఐక్యరాజ్యసమితి ద్వారా ఆయనకు నష్టపరిహారం వచ్చింది. పోయిన జీతానికి, సామానుకు అర్జీలో గడులున్నాయి. ఆ “తెలీదు” అన్న మాటకు గడి లేదు. పైగా ఆ పరిహారం ఇరాక్ చమురు అమ్మిన డబ్బులోంచి తీసింది. అంటే ఆంక్షలవల్ల మందులూ తిండీ లేక మాడుతున్న ఇరాక్ జనం సొమ్ము. మామయ్య ఆ డబ్బుతో యింటికి స్లాబు వేయించాడు. ఆయన్ని తప్పుపట్టే హక్కు నాకు లేదు. చెంబు ఒడ్డున అమ్ముడుపోయినట్టే, యీ లెక్క కూడా బీదవాడినుంచి బీదవాడికే తేలిందని మాత్రం గమనించాను.

మిత్రులు అడగవచ్చు: యిటువంటి సంగతులు బయటపెడితే శ్రామికజనం మీద నమ్మకం సడలదా అని. నాకు అలా అనిపించడం లేదు. ఆ చెంబును డెబ్భై యేళ్ళు మనసులో మోసిన మనిషినీ, ముప్పయ్యేళ్ళ తరువాత వొక్క మాట చెప్పడానికి గొంతు పూడుకుపోయిన మనిషినీ నేను చూశాను. యుద్ధం వాళ్ళచేత చేయించిందే తప్ప, అది న్యాయమని వాళ్ళను వొప్పించలేకపోయింది. నేను నమ్మేది దీన్నే. మచ్చలేని పీడితుణ్ణి బొమ్మగీసి నమ్మించబోతే, మొదటి మచ్చ కనబడగానే నా విద్యార్థి నమ్మకం కూలిపోతుంది.

మన యిళ్ళలో యింకా యిటువంటివాళ్ళు వున్నారు. గల్ఫునుంచి వచ్చినవాళ్ళు, 2022లో ఉక్రెయిను బంకర్లలో రోజులు లెక్కపెట్టి వచ్చిన విద్యార్థులు. వాళ్ళను అడుగుదాం. మన ఉపన్యాసానికి పనికివచ్చే ముక్కకోసం కాక, వాళ్ళు చెప్పదలచుకున్నదానికోసం అడుగుదాం.

మా నాయనమ్మ 2016లో పోయింది. ఆ ప్రత్యేక సంచికలో నా ఉపన్యాసం యిప్పటికీ అలాగే వుంది, ఆవిడ నడవని దారితో, ఆ ముసలామె లేకుండా. ఆవిడ అడిగిన సవరణ యీ వ్యాసం.