ముక్కుతో దీవెన

మణక్కుళ వినాయగర్ కోవెల ముందు ఏనుగు లక్ష్మి నిలబడే రోజుల్లో, యానాం నుంచి మావాళ్లు ఎవరు పుదుచ్చేరి వచ్చినా ముందు సముద్రం చూడాలి, తర్వాత లక్ష్మిని చూడాలి. కాళ్లకు వెండి పట్టీలు, నుదుట రంగులు. నాణెం ఇస్తే తొండం కొసతో అందుకుని మావటికి ఇచ్చేది, ఆపైన తలమీద తొండం ఆనించేది. ఒకసారి మా అక్క కూతురు అలా తల వంచి, లేచి, నెత్తి తడుముకుంటూ అంది: “మావయ్యా, వెచ్చగా గాలి ఊదింది!”

“ఊదలేదమ్మా, ఊపిరి వదిలింది. అది దాని ముక్కు.”

“అయితే ముక్కుతో దీవించిందా?”

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. జంతుశాస్త్రం చెప్పడం నా వృత్తి. తొండమంటే ముక్కూ పైపెదవీ కలిసి పెరిగిన అవయవమనీ, అందులో ఎముకన్నదే లేదనీ, వేలకొద్దీ కండరాల కట్టలు దాన్ని ఎటు కావాలంటే అటు వంచుతాయనీ ఏటా చెబుతాను. పక్కన ‘విధులు’ అని రాసి శ్వాస, వాసన, స్పర్శ, మేత, నీరు అని వరస వేస్తాను. ఆ వరసలో దీవెన లేదు. మరి కోవెల ముందు అంతమందిమి తలలు వంచి అందుకున్నదేమిటి?

తర్వాత వెళ్లినప్పుడల్లా తొండం కొసనే చూస్తూ నిలబడేవాణ్ని. దాని పైఅంచున వేలు లాంటి మొన ఒకటుంటుంది. ఆసియా ఏనుగుకు అది ఒక్కటే, ఆఫ్రికా ఏనుగుకు రెండు. ఆ తడి మొన నాణెం తీసుకునే ముందు రవ్వంత ఆగి, అరచేతిని తడిమేది. ఆఫ్రికా ఏనుగులో వాసన పసిగట్టే జన్యువులు దాదాపు 2,000 ఉన్నాయని, మనిషికి ఉన్నవాటికి అవి ఐదింతలని 2014లో జపాన్ పరిశోధకులు తేల్చారు. లక్ష్మి జాతి వేరే అయినా, ఏనుగు ముక్కు ఎలాంటిదో ఆ లెక్కను బట్టి ఊహించుకోవచ్చు. మనం కళ్లు మూసుకున్న ఆ క్షణంలో చేతికంటిన అరటిపండు, జడలోని మల్లెలు, ఒంటి చెమట అన్నీ దానికి తెలిసిపోతున్నాయి. మనకు దాని గురించి తెలిసింది ఎంత?

లోపలి సంగతి ఇంకా వింత. మన ఊపిరితిత్తులకూ ఛాతీ గోడకూ నడుమ పల్చని ద్రవంతో కూడిన సన్నని సందు ఉంటుంది. ఏనుగులో ఆ సందు లేదు, వదులైన కణజాలం రెండింటినీ అంటిపెట్టుకుని ఉంటుంది. లోతు నీటిలో మునిగి తొండం మాత్రం పైకెత్తి ఊపిరి పీల్చే జీవికి ఇది అక్కరకొచ్చే ఏర్పాటని ఒక వాదన. గుండెకు మనలాగే నాలుగు గదులు. కాకపోతే బరువు 12 నుంచి 20 కిలోలు, కొట్టుకునేది నిమిషానికి సుమారు 30 సార్లు. పాలిచ్చే రొమ్ములు రెండూ ముందుకాళ్ల మధ్య, మన తల్లులకు ఉన్నట్టే ఛాతీమీద. ఇక స్తంభంలా కనిపించే ఆ కాలి అడుగున ఏనుగు నిజానికి మునివేళ్లమీద నిలబడి ఉంటుంది. వేళ్ల వెనక దళసరి కొవ్వు మెత్త. బరువు మోపితే పాదం విప్పారుతుంది, ఎత్తితే ముడుచుకుంటుంది. అడవి మట్టికీ ఏటి ఇసుకకూ తగిన పాదమది. ఏళ్ల తరబడి గట్టి నేలమీదే నిలవాల్సి వస్తే గోళ్లు పగులుతాయి, అరికాళ్లు పుండ్లు పడతాయి. మనుషుల మధ్య బతికే ఏనుగులకు ఎక్కడైనా పాదాల జబ్బులు పెద్ద బెడద.

2022 నవంబర్ 30 ఉదయం నడకకు బయల్దేరిన లక్ష్మి వీధిలోనే కూలిపోయింది. వయసు 32 అన్నారు, గుండె ఆగిందన్నారు. ఏనుగు అరవై దాకా బతకగల జీవి. ఊరంతా కదిలింది. దండలు, కర్పూరం, ఏడుపులు. ఆ దుఃఖంలో నటన ఏమాత్రం లేదు, నాదీ అందులో కలిసింది.

అవయవం ఏం చేస్తుందో నేర్పుతాం, ఎవరి కోసం చేస్తుందో అడగం. ఈ లోటు నా పాఠంలో ఉన్నదా, మనందరి చూపులోనే ఉన్నదా అని చాలాకాలం ఆలోచించాను. దీవెన అన్నది మనం ఆ తొండానికి అప్పగించిన పని. దాని సొంత పనులు వేరే ఉన్నాయి. బిడ్డను దగ్గరకు తీసుకోవడం, తోటి ఏనుగు నోటిలో కొస పెట్టి పలకరించడం, వాననీటి జాడ వెదకడం. ఇవి తెలిశాక భక్తి తగ్గిందా అని నన్ను నేనే అడిగి చూసుకున్నాను. తగ్గలేదు. తలమీద వాలిన ఆ వెచ్చదనం మనలాగే తల్లిపాలు తాగి పెరిగిన ప్రాణిదని తెలిశాక దానికి మనమేం బాకీ ఉన్నామన్న ఆలోచన తోడైంది.

గుడి ముందు మళ్లీ ఏనుగు ఉంటే బాగుండునని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. వాళ్ల మనసు నాకు తెలుసు. అయినా అడగకుండా ఉండలేను. దాని పాదం కింద మట్టి ఉంటుందా? ఒళ్లంతా మునిగే నీళ్లు ఉంటాయా? ఆడ ఏనుగులు తల్లీ, పిన్నీ, అక్కచెల్లెళ్ల మంద మధ్య బతుకుతాయి. పగలంతా మన తలలు తాకిన ఆ తొండానికి, చీకటి పడ్డాక తాకేందుకు తనవాళ్లు ఒక్కరైనా పక్కన ఉంటారా?