కచ్చీ సడక్

మా మామూజాన్‌ది ఆసిఫాబాద్‌లో బట్టల దందా. దుకాణం పేరుకే, అసలు రోజీ అంతా అంగళ్ళ మీద. కెరమెరి, జైనూర్ అంగళ్ళల్లో చీరలు, తువ్వాళ్ళు, రగ్గులు అమ్ముతూ జిందగీ గడిపాడు. ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు, గుట్టల మీద గోండి మాట్లాడతాడు.

దసరా సెలవుల్లో పిల్లల్ని తీసుకుని కరీంనగర్ నుంచి వెళ్ళాను. మరుసటి రోజు ఫజర్ నమాజ్ కాగానే మామూ రగ్గులు వేసుకుని గుట్ట మీది కొలాం గూడేనికి బయల్దేరుతుంటే మేమూ జీపెక్కాం.

దారిలో జిల్లా బోర్డు కనిపించింది: కొమరం భీం ఆసిఫాబాద్. బిడ్డ అడిగింది, "అమ్మీ, ఆసిఫ్ అంటే నిజాం ఖాందాన్ పేరు కదా? భీం ఆయనతోనే కొట్లాడిండు కదా? ఇద్దరూ ఒక్క బోర్డు మీద ఎట్లున్నరు?"

నా దగ్గర జవాబు లేదు. మామూ మాత్రం, "పైకి పోతున్నం కదా బేటా, చూడు" అన్నాడు.

కెరమెరి దాటి కొంత దూరం పోయాక తారు అయిపోయింది. ఇక అంతా రాళ్ళు, వానకు కోసుకుపోయిన గండ్లు. మామూ మొదటి గేర్‌లో పెట్టి, బ్రేక్ జోలికి పోకుండా, ఒక్కో రాయిని చూసి చక్రం ఎక్కించాడు. వాగు దగ్గర దిగి, కట్టెతో లోతు చూసి, అప్పుడు దాటించాడు. పిల్లలకు భలే తమాషాగా ఉంది. నేను దువా చదువుకుంటూ కూర్చున్నాను.

పైన వెదురు తడకల మీద మట్టి మెత్తిన గుడిసె. ఇంటాయన వెదురు బుట్ట అల్లుతూ లేచి నిలబడ్డాడు. "రా దాదా" అని మామూకు మంచం వాల్చాడు. జొన్నరొట్టె, పచ్చిమిర్చి కారం పెట్టారు. అంత దూరాన ఆ మెహమాన్‌నవాజీకి నా కళ్ళు చెమ్మగిల్లాయి.

మాటల్లో భీం సంగతి వచ్చింది. మేతకూ, వంటచెరకుకూ పన్ను అడిగితే తిరగబడ్డాడు. 1940లో ఈ గుట్టల్లోనే, జోడేఘాట్‌లో, నిజాం పోలీసుల తూటాలకు చనిపోయాడు. జల్, జంగల్, జమీన్ ఆయన నినాదం. జంగల్, జమీన్ మన ఇళ్ళల్లో రోజూ వినే మాటలే. ఆ రోజుల్లో సర్కారీ జబాన్ కూడా ఉర్దూనే. ఒకే జబాన్‌లో హుకుం గుట్ట ఎక్కింది, ఆ హుకుంకు జవాబూ పుట్టింది. మామూ గోండి నేర్చుకున్నది వ్యాపారం కోసమే కావచ్చు. కానీ ఆ గుడిసెలో ఆయన్ని ఎవరూ నిజాం మనిషిగా చూడలేదు. బిడ్డకు నేను ఇవ్వలేని జవాబు ఆ మంచం మీద కూర్చుని రొట్టె తింటోంది.

దిగేటప్పుడు మామూ వెనక సీటు ఖాళీ చేయించి పిల్లల్ని మా ఒళ్ళోకి సర్దాడు. నెలలు నిండిన ఒక కోడలు, ఆమె అత్త ఎక్కారు. వాన పడితే వాగు దాటి అంబులెన్స్ రాదు. అప్పుడు మంచానికి కట్టెలు కట్టి మోసుకుని దిగాల్సిందే. పొద్దున తమాషా అనిపించిన ప్రతి గుంత దగ్గరా ఇప్పుడు ఆమె పళ్ళు బిగబట్టింది. మామూ ఇంకా నెమ్మదిగా నడిపాడు. పిల్లలు కిక్కురుమనలేదు.

ఆసుపత్రి గేటు దగ్గర ఆమెను దించాక అత్త చీర కొంగు ముడి విప్పబోయింది. మామూ చెయ్యి అడ్డం పెట్టి, గోండిలో ఏదో అన్నాడు. ఆమె నవ్వింది.

ఏమన్నావు మామూ అని అడిగాను.

"బచ్చా పుట్టినంక రగ్గు నా దగ్గరే కొనాలె అన్న."