వాళయార్ దాటితే... బెల్టు పెట్టాల్సిందే!

కోయంబత్తూరు నుంచి పడమటికి కాసేపు ప్రయాణిస్తే వాళయార్ వస్తుంది. అటు తమిళనాడు, ఇటు కేరళ. రోడ్డుకు రెండువైపులా తాటిచెట్లు, వరిచేలు, దూరంగా నీలిరంగు కొండలు. కార్తీక మాసం వచ్చిందంటే శబరిమల వెళ్లే నల్లబట్టల స్వాములతో తెలుగు నంబరు ప్లేట్ల వాహనాలు కూడా ఈ దారి పడతాయి. ఒకప్పుడు సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర డ్రైవర్లు కాగితాలు వెతుక్కునేవారు. ఇప్పుడు కాగితాలతోపాటు సీటు బెల్టు కూడా వెతుక్కుంటున్నారు. ఎందుకంటే ఇక్కడి నుంచి రోడ్డు పక్కన స్తంభాలకు కళ్లున్నాయి!

2023 జూన్ 5... కేరళ వాహనదారులు అంత తేలిగ్గా మర్చిపోయే తేదీ కాదు. 'సేఫ్ కేరళ' పేరుతో పెట్టిన కృత్రిమ మేధ కెమెరాలు జరిమానాలు రాయడం మొదలుపెట్టింది ఆ రోజే. మొత్తం 726 కెమెరాలు. ఖర్చు దాదాపు 232 కోట్ల రూపాయలు. ఏర్పాటు బాధ్యత ప్రభుత్వరంగ సంస్థ కెల్‌ట్రాన్‌ది. కాంట్రాక్టుల్లో అక్రమాలున్నాయంటూ ప్రతిపక్షం గగ్గోలు పెట్టింది, హైకోర్టుకూ వెళ్లింది. ఆ వివాదం అలా ఉంచితే, మామూలు జనానికి కావలసిన జవాబు ఒక్కటే. ఈ కెమెరాలతో రోడ్డు మీద ప్రాణాలు నిలుస్తున్నాయా? లేక ఖజానా మాత్రమే నిండుతోందా?

దేన్ని చూస్తున్నాయి?

ఆ జవాబు కావాలంటే ముందు ఈ కెమెరాలు దేన్ని చూస్తున్నాయో తెలుసుకోవాలి. 726లో 675 కెమెరాలకు అప్పగించిన పని హెల్మెట్ లేనివారిని, బెల్టు పెట్టుకోనివారిని, బండి మీద ముగ్గురు వెళ్లేవారిని, ఫోను మాట్లాడుతూ నడిపేవారిని పట్టుకోవడం. మరో 25 అడ్డదిడ్డంగా నిలిపిన వాహనాల కోసం. ఎర్రలైటు దాటేవారి కోసం 18. మరి వేగం? స్తంభాల మీద నాలుగు, వాహనాల్లో తిరిగేవి నాలుగు... వెరసి ఎనిమిదే! జాతీయ రహదారుల మీద అంతకుముందే కొన్ని వేగం కెమెరాలున్నా, ఈ పథకం చూపంతా తల మీదా, నడుం మీదే.

కెమెరా తీసిన ఫొటో నేరుగా చలానా అయిపోదు. కంట్రోల్ రూములో మనుషులు సరిచూశాకే వాహన యజమానికి నోటీసు వెళ్తుంది. హెల్మెట్ లేకపోతే 500, బెల్టు లేకపోతే 500, ఫోనుతో దొరికితే 2000 రూపాయలు.

మొదట్లో ఎక్కువగా ఇబ్బంది పడింది మధ్యతరగతి కుటుంబాలు. అమ్మానాన్నల మధ్య చిన్నారిని కూర్చోబెట్టుకుని స్కూటరు మీద వెళ్లడం మనకెంత అలవాటో వాళ్లకీ అంతే. అది కూడా 'ముగ్గురి ప్రయాణం' కిందకే వస్తుందని తెలిసేసరికి రాష్ట్రమంతా గొడవైంది. పన్నెండేళ్లలోపు పిల్లలకు మినహాయింపు ఇవ్వాలని కేరళ అడిగితే, చట్టం ఒప్పుకోదని కేంద్రం చెప్పింది.

ప్రమాదాలు పెరిగాయి... మరణాలు తగ్గాయి

ఇక లెక్కల్లోకి వెళ్దాం. కెమెరాలు రాకముందు, 2022లో కేరళలో 43,910 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 4,317 మంది చనిపోయారు. కెమెరాలు వచ్చిన 2023లో ప్రమాదాలు 48,091కి పెరిగాయి. గాయపడినవారూ పెరిగారు. కానీ మృతుల సంఖ్య 4,080కి తగ్గింది. 2024లో ప్రమాదాలు 48 వేలు దాటినా, మరణాలు 3,700 పైచిలుకుకు దిగాయి. అదే సమయంలో దేశం మొత్తమ్మీద రోడ్డు మరణాలు 2022లో లక్షా 68 వేలుంటే, 2023లో లక్షా 72 వేలు దాటాయి.

పైకి వింతగా ఉన్నా ఇందులో తిరకాసేమీ లేదు. హెల్మెట్ ప్రమాదాన్ని ఆపదు, ప్రమాదం జరిగాక తలను కాపాడుతుంది. హెల్మెట్ ఉంటే మరణించే ముప్పు 42 శాతం, తలకు గాయమయ్యే ముప్పు 69 శాతం తగ్గుతాయని అంతర్జాతీయ పరిశోధనల సమీక్షలో తేలింది. ముందు సీట్లో కూర్చున్నవారికి బెల్టుతో మరణం ముప్పు సగం దాకా తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కెమెరా తలనీ నడుమునీ చూసింది, అక్కడే ఫలితం కనిపించింది. వేగాన్ని పెద్దగా చూడలేదు, ఢీకొనడాలు తగ్గలేదు.

అలాగని ఘనతంతా కెమెరాలదే అనడానికీ లేదు. రోడ్లు, ఆస్పత్రులు, వైద్యం అందే వేగం... అన్నిటికీ ఇందులో వాటా ఉంటుంది. కెమెరాలు రాకముందు కూడా కేరళలో ప్రతి పది ప్రమాదాలకు ఒకరే చనిపోయేవారు. అదే 2022లో ఆంధ్రప్రదేశ్‌లో 21,249 ప్రమాదాల్లో 8,293 మంది, తెలంగాణలో 21,619 ప్రమాదాల్లో 7,559 మంది ప్రాణాలు కోల్పోయారు. ప్రమాదాలు కేరళలో సగం, మరణాలు దాదాపు రెట్టింపు! ఊరికీ ఊరికీ మధ్య ఖాళీ లేకుండా ఇళ్లూ దుకాణాలూ ఉండే కేరళలో బండి పరుగెత్తడానికి చోటు తక్కువ. చిన్నచిన్న ప్రమాదాలూ పోలీసు రికార్డుకెక్కుతాయి. నాలుగు వరుసల రోడ్లున్న మనచోట గుద్దుకుంటే గట్టిగానే గుద్దుకుంటారు.

వడక్కంచేరి చెప్పే పాఠం

వేగం ఏం చేస్తుందో తెలియాలంటే ఇదే దారిలో పాలక్కాడ్ దాటి ముందుకెళ్లాలి. కుతిరాన్ కొండ సొరంగాలకు కాస్త ఇవతల వడక్కంచేరి. 2022 అక్టోబరు 5 అర్ధరాత్రి వేళ ఊటీ విహారయాత్రకు బడి పిల్లలతో బయల్దేరిన ఓ ప్రైవేటు బస్సు ఇక్కడే ముందు వెళ్తున్న ఆర్టీసీ బస్సును వెనక నుంచి ఢీకొట్టి బోల్తాపడింది. తొమ్మిది మంది చనిపోయారు. వారిలో అయిదుగురు విద్యార్థులు.

అప్పుడు బస్సు వేగం గంటకు 97 కిలోమీటర్లకు పైనే అని జీపీఎస్ రికార్డు చెప్పింది. బస్సు హద్దు మీరిందని యజమాని ఫోనుకు సందేశాలు వెళ్లినట్టు కూడా దర్యాప్తులో బయటపడింది. అంటే, యంత్రం చూసింది... చెప్పింది కూడా. ఆపిన మనిషే లేడు!

వేగాన్ని పట్టే కెమెరాలు పనిచేస్తాయా అంటే, చేస్తాయనే పరిశోధనలు చెబుతున్నాయి. వివిధ దేశాల్లో జరిగిన 35 అధ్యయనాలను 2010లో సమీక్షిస్తే, కెమెరాలున్న చోట్ల మరణాలు, తీవ్రగాయాలకు దారితీసే ప్రమాదాలు 11 నుంచి 44 శాతం దాకా తగ్గినట్టు తేలింది. అయితే ఓ చిక్కుంది. కెమెరా కనిపించగానే బ్రేకు వేయడం, దాటగానే మళ్లీ తొక్కడం! అందుకే బ్రిటన్‌లో కొన్ని రోడ్ల మీద రెండు కెమెరాల మధ్య దూరాన్ని ఎంతసేపట్లో దాటారో లెక్కగట్టి సగటు వేగం తేలుస్తారు. అక్కడ ఒకచోట బ్రేకు వేసి తప్పించుకోవడం కుదరదు.

జరిమానాకు జవాబు... కరెంటు కట్!

కెమెరా వెనకున్న వ్యవస్థ సరిగ్గా లేకపోతే ఎలా ఉంటుందో చెప్పడానికి వయనాడ్‌లో జరిగిన ముచ్చటొకటి ఉంది. 2023 జూన్‌లో చెట్ల కొమ్మలు కొట్టే పొడవాటి గెడతో వెళ్తున్న విద్యుత్ బోర్డు జీపును కెమెరా పట్టేసింది. రవాణా శాఖ 20,500 రూపాయల జరిమానా వేసింది. కొద్దిరోజులకే కల్పెట్టలోని రవాణా శాఖ కార్యాలయానికి బిల్లు బకాయి ఉందంటూ విద్యుత్ బోర్డు కరెంటు పీకేసింది! రాష్ట్రమంతా నవ్వుకుంది.

నవ్వులాటకాని సమస్య మరొకటి వచ్చింది. ప్రభుత్వం నుంచి కెల్‌ట్రాన్‌కు డబ్బు సకాలంలో అందక నోటీసులు పంపడం మందగించిందని ఆ తర్వాత పత్రికల్లో వార్తలొచ్చాయి. ఇంటికి చీటీ రాని కెమెరా చేలో దిష్టిబొమ్మ లాంటిది. పిట్టలు నాలుగు రోజులే భయపడతాయి.

కేంద్రం 2021 ఆగస్టులో ఇచ్చిన నిబంధనలూ ఈ మాటే చెప్పాయి. కెమెరా ఉన్నట్టు ముందే బోర్డు పెట్టాలి, తప్పు జరిగిన 15 రోజుల్లోగా నోటీసు పంపాలి. బోర్డు ఉంటే డ్రైవరు ముందే నెమ్మదిస్తాడు. చలానా ఆలస్యం కాకపోతే తప్పు గుర్తుంటుంది.

తెలుగువారికి చలానా కొత్తేమీ కాదు. తెలంగాణలో బకాయిపడ్డ చలానాలకు 2022 మార్చిలో ఒకసారి, 2023 డిసెంబరులో మరోసారి భారీ రాయితీ ఇచ్చారు. రెండోసారి ద్విచక్ర వాహనాలకు ఏకంగా 80 శాతం తగ్గింపు! జనం ఎగబడి కట్టారు, ఖజానాకు డబ్బొచ్చింది. కానీ ఆగితే ధర తగ్గుతుందని తెలిశాక, జరిమానాకు భయపడేదెవరు?

వాళయార్ నుంచి శబరిమల దాకా ఈ దారి నేర్పేది ఇదే. కెమెరా దేన్ని చూస్తే అదే మారుతుంది, అదీ వెనక చలానా కదిలితేనే. కేరళ తలల్ని చూసింది, కొన్ని తలలు మిగిలాయి. తెలుగు రోడ్ల మీద ప్రాణాలు తీస్తున్నది ప్రధానంగా వేగం. 2022లో దేశంలో ప్రతి పది రోడ్డు మరణాల్లో ఏడింటికి అదే కారణమని కేంద్ర రహదారుల శాఖ లెక్క. కాబట్టి మన కెమెరాలు చూడాల్సింది ముందుగా దాన్నే. తిరుగు ప్రయాణంలో వాళయార్ దాటాక బెల్టు తీసేసేవాళ్లూ ఉంటారు. కానీ అసలు ముప్పు, రెట్టింపు ప్రాణాలు తీసే రోడ్లు ఎదురుచూస్తున్నది ఇటువైపే!