ఫరియాద్ నుంచి ఫిర్యాదు దాకా

ఉర్దూ మీడియం బడిలో ఫరియాద్ అంటే మాకు గుండెలోంచి వచ్చే మొర. తెలుగు డిగ్రీలో చేరాక అదే లఫ్జ్ ఫిర్యాదుగా మళ్లీ కనిపించింది. ఇప్పుడు దానికో నంబరు, ఒక తారీఖు, ఒక రసీదు.

నేను పేపర్లో పనిచేస్తానని మొహల్లాలో అందరికీ తెలుసు. తెలుగులో దరఖాస్తు రాయించుకోవాలంటే నా దగ్గరికే వస్తారు. మా గల్లీలో ఉండే ఒక ఖాలా కూడా అలాగే వచ్చింది. పక్క ప్లాటులో రెండంతస్తులకు పర్మిషన్ తీసుకుని నాలుగో స్లాబుకు సెంట్రింగ్ కొడుతున్నారు. గోడ ఆమె కిటికీని ఆనుకుని లేచింది.

"బేటా, వాళ్ల ఇల్లు కూలగొట్టమని రాయకు. నా కిటికీకి హవా వచ్చేంత జాగా వదలమని రాయి" అంది.

అలాగే రాశాను. ఆమె ఆఫీసులో ఇచ్చి రసీదు తెచ్చుకుంది. సాయంత్రానికి బిల్డర్ మనుషులు ఆమె గుమ్మం ముందున్నారు. ఆ తర్వాత గల్లీలో కొందరు ఆమెకు సలాం చెప్పడం కూడా మానేశారు. ఆమె "పడోసీ మీద శికాయత్ చేసిన మనిషి" అయింది. కాయిదా తప్పినవాడు మాత్రం ఇల్లు కట్టుకుంటున్న మామూలు మనిషిగానే మిగిలాడు.

చట్టం లేక కాదు. హైదరాబాద్ బల్దియా నడిచేది 1955 నాటి చట్టం మీద. సెక్షన్ 452 కింద అక్రమ కట్టడానికి నోటీసు ఇవ్వొచ్చు. 461 కింద పని ఆపించొచ్చు. వినకపోతే 636 కింద తామే కూల్చి, ఖర్చు యజమాని దగ్గర వసూలు చేయొచ్చు. కానీ నోటీసుకు జవాబు, జవాబు తర్వాత కోర్టు స్టే, ఈలోగా స్లాబు ఆరిపోతుంది, కిరాయిదారులు దిగుతారు. పిల్లాపాపలున్న ఇంటి మీదికి గడ్డపార తీసుకెళ్లడానికి ఎవరికి చేయొస్తుంది?

పైగా 2007లో బీపీఎస్, 2015లో బీఆర్ఎస్ (పార్టీ కాదు, స్కీము) వచ్చాయి. పైసలు కట్టి క్రమబద్ధం చేసుకోమన్నాయి. కట్టేవాడికి హిసాబు బాగా తెలుసు. జరిమానా కూడా సిమెంటు, ఇసుకలాగే ఖర్చులో ఒక పద్దు.

2020లో టీఎస్ బీపాస్ వచ్చింది. 75 గజాల లోపు జాగాకు రిజిస్ట్రేషన్ చాలు. 500 చదరపు మీటర్ల లోపు, 10 మీటర్ల ఎత్తు వరకు సొంత హామీ మీద వెంటనే మంజూరు. గరీబులకు ఆఫీసుల చుట్టూ తిరగడం తప్పితే మంచిదే. కానీ కట్టేవాడి మాట నమ్మి మంజూరు ఇచ్చినప్పుడు, ఆ మాట నిలబడుతుందో లేదో రోజూ చూసే కళ్లు పడోసీవే. ఆ కళ్లకు హిఫాజత్ ఎక్కడుంది?

ఇది ఇద్దరు పడోసీల ఝగడా కాదు. 2025 మే 18న గుల్జార్ హౌజ్ దగ్గర ఇంట్లో మంటలు లేచి 17 మంది చనిపోయారు. అది పాత ఇల్లు, దాని కథ వేరు. అయినా లోపలికి పోవడానికి, బయటికి రావడానికి ఇరుకు దారి ఉంటే ఏమవుతుందో ఆ రోజు షహర్ అంతా చూసింది. గోడకూ గోడకూ మధ్య వదలమనే జాగా గాలి కోసం, వెలుతురు కోసం, అలాంటి రోజున ప్రాణాల కోసం. అది ఖాలా ఒక్కదాని హక్కు కాదు. పక్కింట్లో దిగబోయే కిరాయిదారుది కూడా.

అందుకే అడగాల్సినవి పెద్దవేం కావు. శికాయత్ చేసినవాళ్ల పేరు బయటికి రాకూడదు. ఎన్ని అంతస్తులకు మంజూరైందో, ఎంత జాగా వదలాలో కట్టడం ముందు బోర్డు మీద అందరికీ కనిపించేలా రాయాలి. అన్నిటికంటే ముఖ్యం, పని ఆపించే హుకుం తర్వాతి స్లాబు పడకముందే రావాలి. స్లాబు పడ్డాక వచ్చే ఇన్సాఫ్ ఎవరో ఒకరి ఇల్లు కూల్చే వస్తుంది. ఖాలా వద్దన్నది సరిగ్గా అదే.

ఇవన్నీ సర్కారు చేయాల్సినవి. మనం చేయగలిగింది ఒకటుంది. మీ గల్లీలో ఎవరైనా శికాయత్ చేస్తే ఎందుకు చేశారో ముందు అడగండి. సలాం మాత్రం ఆపకండి.