నల్ల స్క్రీన్.. ఓ రబ్బరు ముక్క!

దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ల్యాప్‌టాప్ అంటే సగం ఉద్యోగం వచ్చినట్టే. నోట్సు, రెజ్యూమె అన్నీ అందులోనే. నాది ఎనిమిదేళ్ల పాతది. ఎల్లుండి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ అనగా మొరాయించింది. లైటు వెలుగుతోంది, ఫ్యాన్ తిరుగుతోంది, స్క్రీన్ మాత్రం నల్లగానే!

ఎల్బీనగర్‌లో ఓ షాపులో చూపిస్తే 'మదర్‌బోర్డు పోయింది, ఆరు వేలు' అన్నారు. నా నెల హాస్టల్ ఫీజది! తిరిగి మెట్రో ఎక్కేశా.

'ఫ్యాన్ తిరుగుతోందంటే కరెంటు అందుతున్నట్టే కదరా! ముందు ర్యామ్ చూద్దాం' అన్నాడు రూమ్మేట్. చార్జర్ పీకి, బ్యాటరీ తీసి, పవర్ బటన్‌ని 30 సెకన్లు నొక్కిపట్టాం, లోపల మిగిలిన చార్జ్ పోవడానికి. తర్వాత ర్యామ్ తీసి, దాని బంగారు రంగు అంచుని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, మళ్లీ బిగించాం. లోగో వచ్చేసింది!

తేదీ మాత్రం ఏళ్ల వెనక్కి పోయింది. లోపలి 3 వోల్టుల బటన్ సెల్ అయిపోతే అంతేనట. తేదీ తప్పుంటే బ్రౌజర్ సైట్లను నమ్మదు. అందుకే అది సరిచేసి, వెంటనే ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించా.

ఇంటర్వ్యూ అయింది, రిజల్ట్ రావాలి. ఒక్కటి గుర్తుంచుకోండి: మదర్‌బోర్డు నిజంగానే పోయినా హార్డ్‌డిస్క్ బాగుంటే మీ ఫైళ్లు భద్రమే. దాన్ని మాత్రం ఎవరికీ వదిలేసి రాకండి.