చల్లపల్లి దారిలో హాకీ కర్ర

బెజవాడ బస్సులలో వింత సామానులు ప్రయాణం చేయడం కొత్త సంగతి కాదు. అరటిగెలలు, మామిడి అంట్లు, పెళ్ళివారి గంగాళాలు, దేన్ని చూసినా కండక్టర్లు ఆశ్చర్యపోరు. కాని మొన్న దసరా సెలవులకు నేను హాకీ కర్ర చేతబట్టుకొని చల్లపల్లి బస్సు ఎక్కినప్పుడు, కండక్టరు టిక్కెట్టు చింపుతూ ఆ కర్రవైపు ఒకసారి, నావైపు ఒకసారి చూసి, "పొలం తగాదాకా మాస్టారూ?" అని అడిగాడు.

"కాదయ్యా, మేనకోడలికి" అన్నాను. అతని సందేహం తీరకపోగా రెట్టింపు అయింది.

చల్లపల్లి మా సొంతవూరు. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు దాటి, కూచిపూడి మీదుగా పోయే ఆ దారి నాకు కంఠస్థం. ఉయ్యూరు దగ్గర చెరకు తోటలు, ఆపైన నీటితో నిండిన కాలువలు, కంటికి ఆనినంత మేర పచ్చని వరి. ఊరు సమీపిస్తూంటే దారి పొడుగునా పూలమొక్కలు. 2014లో మొదలైన 'స్వచ్ఛ చల్లపల్లి' కార్యకర్తలు తెల్లవారుజామునే లేచి చీపుళ్ళు పట్టి ఊడ్చి, మొక్కలు నాటి పెంచిన దారులివి. ఊరిలోకి వెళితే రాజావారి కోట. నా చిన్నతనంలో దాని గోడల పక్కన నడిస్తేనే మేమూ కాస్త రాజుల మనిపించేది.

మా చెల్లెలి కూతురు తొమ్మిదవ తరగతి. హాకీ అంటే ప్రాణం. సెలవులు కాగానే జిల్లా జట్టుకు ఎంపిక. అందుకని బెజవాడలో ఒక దుకాణానికి పోయి, మంచి కర్ర కావాలన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూచి, తొంభై పాళ్ళు కార్బన్ ఉన్న కర్ర ఒకటి తీసి, "పెద్ద పెద్ద ఆటగాళ్ళు ఇదే వాడతారండీ" అన్నాడు. ఆడేదెవరు, ఎక్కడ అని ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు. ధర చూస్తే గుండె ఝల్లుమంది. ధర ఎక్కువైతే వస్తువు మంచిదన్న భ్రమ చదువుకున్న వాళ్ళకే ఎక్కువ.

కర్ర చూసి పిల్ల ఎగిరి గంతేసింది. మొదటి రోజు బంతిని కొడితే తుపాకి గుండులా పోయింది. కాని ఎదురు వచ్చే బంతిని ఆపబోతే కర్రకు తగిలి మూరెడు ఎగిరి పక్కకు పోతున్నది. మూడవ నాటికి పిల్ల అరచేతులు కందిపోయాయి. సాయంత్రం అరుగుమీద నా పక్కన కూర్చుని మెల్లగా అంది: "మామయ్యా, నాకు హాకీ రాదేమో. ఇంత మంచి కర్ర తెచ్చి ఇచ్చినా బంతి ఆగడం లేదు."

మా చెల్లెలు లోపలినుంచి, "నే నెప్పుడో చెప్పాను, చదువుకోవే అని" అంది.

నాకు మాట రాలేదు. తప్పు తన చేతులదే అనుకుంటున్నది ఆ పిల్ల!

మరునాడు, నాకు ఒకప్పుడు ఆట నేర్పిన డ్రిల్లు మాస్టారి దగ్గరకు పిల్లను, కర్రను తీసుకొని పోయాను. ఆయన కర్రను అందుకొని, బంతిని దానిమీద నాలుగుసార్లు ఎగరేసి, నవ్వారు. "కర్ర మంచిదే. ఈ చేతికీ, ఈ నేలకూ కాదు."

తరువాత ఆయన చెప్పినది ఏ పాఠానికీ తీసిపోదు. పక్కన నిలబెడితే కర్ర తుంటి ఎముక దాకా రావాలి. నిబంధన ప్రకారం 737 గ్రాములు మించరాదు. 51 మిల్లీమీటర్ల ఉంగరంలోంచి దూరాలి. వంపు 25 మిల్లీమీటర్లు దాటరాదు. ఆడే ముఖం ఎడమవైపే. ఎడమచేతివాటం వారికని వేరే కర్ర లేదు. ఇవన్నీ కొలిచి చూసుకోవచ్చు. కొలతకు అందనిది బిరుసు. కార్బన్ పాళ్ళు పెరిగినకొద్దీ కర్ర బిరుసెక్కుతుంది, దెబ్బకు బలం వస్తుంది. కాని బంతి తాకిన అదురంతా చేతికి ఎక్కుతుంది. ఫైబరుగ్లాసు పాలు ఎక్కువుంటే కర్ర కాస్త మెత్తన, బంతి దానిమీద నిలుస్తుంది. "కళ్ళు మూసుకొని బంతిని కర్రమీద ఎగరెయ్యి. బంతి ఎక్కడ తగిలిందో చేతికి తెలియాలి. మంట మాత్రం తెలియకూడదు" అన్నారు.

మన్నిక సంగతీ చెప్పారు. మాంట్రియల్ ఒలింపిక్సులో 1976లో కృత్రిమ పచ్చికమీద ఆట మొదలైనాక బంతి నున్నగా దొర్లుతుంది. బిరుసు కర్రలు అటువంటి నేలకు తగినవి. మన బడి మైదానంలో సగం నల్లమట్టి, సగం కంకర. బంతి ఎగిరి వస్తుంది, కర్ర కొక్కెం కంకరకు గీసుకుంటుంది. కార్బన్ అంచున దెబ్బ తగిలితే పైకి కనిపించకుండా లోపల చిట్లుతుంది. వేలితో తట్టితే బొదబొద మంటుంది.

ఇంటికి వచ్చి అటక ఎక్కి, బందరు కాలేజీలో నే నాడిన పాతకర్ర దింపాను. పట్టుపురుగులు మేసే మల్బరీ చెట్టు కర్ర అది. కొక్కేన్ని ఆవిరిపట్టి వంచుతారు. పిడి పేముది, అదురు తాగడానికి దాని మధ్య రబ్బరు పొరలు. ఒకప్పుడు ఇటువంటి కర్రలకు సియాల్‌కోట పేరు. 1947లో దేశ విభజన జరిగి పనివారు జలంధరు చేరడంతో ఆ విద్య అక్కడ వేళ్ళూనింది. అవిసెనూనె పూసి ఒక పూట ఆరనిచ్చి పిల్ల చేతికిచ్చాను. ఆరు బంతులు విసిరితే అయిదు ఆపింది. ఆ ముఖం చూడవలసిందే!

మళ్ళీ బెజవాడ పోయాను. వాడిన సరుకు తిరిగి తీసుకోమన్నారు. న్యాయమే. మూడోవంతు ధరకు, ఫైబరుగ్లాసు పాలు ఎక్కువున్న కర్ర కొన్నాను, ఈసారి కళ్ళు మూసుకొని బంతి ఎగరేసి చూసి మరీ. తిరుగు బస్సులో అదే కండక్టరు! "ఇంకో కర్రా! తగాదా ముదిరినట్లుందే" అన్నాడు.

ఖరీదైన కర్ర ఇప్పుడు అటకమీద ఉన్నది. చెయ్యి ఎదిగి, పచ్చిక మైదానం దొరికిననాడు దిగుతుంది. నాటి చిత్తూరు జిల్లా పల్లెనుంచి వెళ్ళి రజని భారత జట్టుకు గోల్‌కీపరు కాలేదూ?

ఎంపిక రోజు సాయంత్రం పిల్ల ఫోను చేసింది. "మామయ్యా, చేతులు మండలేదు" అన్నది మొదటి మాట. జట్టులో చోటు దొరికిన సంగతి ఆ తరువాత చెప్పింది.